గుర్రాల నడుమ మా శీనుగాడు

మా చిన్నప్పుడు... ఉదయగిరి కొండ కింది బీడులో ఆరేడు గుర్రాలు ఎవరివీ కాకుండా తిరుగుతుండేవి.

ఒకప్పుడవి జట్కా గుర్రాలే. ఆత్మకూరు రోడ్డులో ఆటోలు దిగాక గిరాకీ లేక బండ్లవాళ్ళు వదిలేశారు. రెండు మూడేళ్ళకే మనిషి అలికిడికి చెవులు వెనక్కి వాల్చే అడవి గుర్రాలయిపోయాయి. అక్కడే పిల్లల్ని కూడా పెట్టాయి.

మందకు పెద్ద ఒక తెల్ల ఆడగుర్రం. పేరు చాందిని. అది మస్తాన్ తాత జట్కా లాగిన గుర్రం. జట్కా పోయాక ఆయన బీడు పక్కనే ఉన్న మా చేలో కూలికి వచ్చేవాడు.

ఆ రోజు శెనక్కాయలు పీకుతున్నారు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు శీనుగాడికి మూడు. వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి చూసుకోమన్నాడు నాయన. నేను రేగుపండ్లకు పోయాను... చాలాసేపే పోయాను.

తిరిగొచ్చేసరికి గట్టు ఖాళీ. బీడులో కుక్కల అరుపులు.

అందరం పరుగెత్తాం. గుర్రాలు తలలు లోపలికి, వెనక కాళ్ళు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ళ సందుల్లో శీనుగాడి ఎర్ర చొక్కా. చుట్టూ నాలుగు కుక్కలు. తొక్కి చంపేస్తున్నాయనుకుని మావాళ్ళు రాళ్ళు అందుకున్నారు.

"రాళ్ళెయ్యబాకండయ్యా. ముందు ఆ కుక్కల్ని తోలండి" అంటూ మస్తాన్ తాత అడ్డం పోయాడు. చాందినిని పేరు పెట్టి పిలిచాడు. దాని చెవి ఇటు తిరిగింది గానీ కాలు కదల్లేదు.

"నేను పిలిచినా రాలేదంటే లోపల పిల్ల ఉండాదనే గదయ్యా..."

ఎవరూ వినలేదు. ఒక రాయి దాని కంటికి తగిలింది. అప్పుడు గుర్రాలూ కుక్కలూ చెదిరాయి.

శీనుగాడు ఒక గుర్రప్పిల్ల పక్కన కూర్చుని చొక్కా అంచు చప్పరిస్తున్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

నాయన నా వైపు తిరిగాడు. "ఈడికెట్ట వచ్చినాడే వీడు? నువ్వేం చేస్తా ఉండావు?"

"ఆ తెల్లది చొక్కా పట్టుకోని ఈడ్చకపోయింది నాయనా... అడ్డం పోతే నన్ను కరవొచ్చింది."

మస్తాన్ తాత నా ముందు గొంతుకూర్చున్నాడు. "నువ్వు చూసినావా పాపా?"

"చూసినా."



మర్నాడు ఊరంతా కలిసి డప్పులు, టపాకాయలతో వాటిని కొండ అవతలికి తరిమారు. చాందిని అన్నిటికంటే వెనక నడిచింది... తన పిల్లను ముందు పెట్టుకుని, కనబడని కంటివైపుకు మాటిమాటికీ తల తిప్పుకుంటూ.

పెద్దయ్యాక చదివాను, ఆపద వస్తే గుర్రాలు పిల్లల్ని నడుమ పెట్టుకుని కాస్తాయట. మరి ఆ రోజు చాందిని మా వాణ్ణి కూడా కాచిందా, తన పిల్లను కాచుకుంటుంటే మా వాడు ఆ నడుమకు చేరాడా? ఎంత ఆలోచించినా తేలదు. ఏదైనా నా మాట మాత్రం అబద్ధమే కదా.

పోయిన వారం సంగంలో బంధువుల పెళ్ళి. ఊరేగింపు గుర్రం ఎక్కుతానని శీనుగాడి కూతురు మారాం చేసింది. వాడు చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"వద్దమ్మా. చిన్నప్పుడు నన్నొకటి ఈడ్చకపోయింది. కావాలంటే అత్తనడుగు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"అవును" అన్నాను... నలభై మూడేళ్ళ వయసులో, మళ్ళీ.

అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి పోతాను, ఎందుకొచ్చానో గుర్తుండదు. ఆ బీడంతా ఇప్పుడు నిమ్మతోటలు. మా ఊరి పిల్లలకు గుర్రమంటే పెళ్ళికి అద్దెకొచ్చేది మాత్రమే. మీ వైపు జట్కాలు ఆగిపోయాక ఆ గుర్రాలన్నీ ఎటు పోయాయి? తెలిసినవాళ్ళు రాయండి...

శీనూ, నువ్వూ ఇది చదువుతావు. ఆ రోజు చాందిని నిన్ను ఈడ్చలేదురా. నేను అసలు అక్కడ లేను.