రెండు నాలుగులు కలిస్తే రెండు

2004 జూన్‌లో నన్ను కర్నూలు నుంచి కడపలోని ఒక పాలిటెక్నిక్‌కు ఎలక్ట్రానిక్స్ విభాగాధిపతిగా బదిలీ చేశారు. పాఠాలతోపాటు ఆ హోదాకు అంటుకుని ఇంకో పని కూడా వచ్చింది. వినియోగదారుల ఫోరంలో ఏదైనా ఎలక్ట్రానిక్ వస్తువు మీద తగాదా వస్తే, దాన్ని సీలు వేసి మా ప్రయోగశాలకు పంపేవారు. ఏం చెడింది, ఎందుకు చెడింది అని నేను నివేదిక రాయాలి. ఎక్కువగా టీవీలు, స్టెబిలైజర్లు వచ్చేవి. 2006 మార్చిలో మాత్రం ఒక కారు ఆంప్లిఫయరు, రెండు సబ్‌వూఫర్లు అంటే గుండె అదిరేలా మోగే పెద్ద స్పీకర్లు, కాలిన తీగల చుట్ట వచ్చాయి.

కారు శివన్నది. ఆయన ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు తిప్పే కాంట్రాక్టరు. బావమరిది బండిలో ఒక సబ్‌వూఫర్ ఉంది కాబట్టి ఈయనకు రెండు కావలసివచ్చాయి. బండి ఊరి మలుపు తిరగకముందే ఇళ్ల తలుపులు అదరాలి. పాట ఏదన్నది ఆయనకు పట్టింపు లేదు. కడపలో కార్లకు స్టీరియోలు బిగించే షాపు ప్రసాద్ ఆ కోరిక తీర్చాడు. నెల తిరక్కుండానే గండికోట దారిలో వెనక సీటు కింద నుంచి పొగ వచ్చింది, ఆంప్లిఫయరు కాలిపోయింది. శివన్న షాపు మీద కేసు వేశాడు. డ్రైవరు ఖాజా సౌండు మితిమీరి పెంచాడని, తప్పు అతనిదేనని షాపు జవాబిచ్చింది.

ఇక్కడ కొంత వివరం అవసరం. స్పీకరు లోపలి తీగచుట్ట కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో దాన్ని ఇంపీడెన్స్ అంటారు, ఓముల్లో చెబుతారు. ఓములు తగ్గేకొద్దీ ఆంప్లిఫయరు మీద భారం పెరుగుతుంది. ఈ ఆంప్లిఫయరుకు రెండు ఛానళ్లు. సబ్‌వూఫర్ కోసం రెండింటినీ జతచేసి ఒకటిగా వాడితే నాలుగు ఓములకు తగ్గరాదని పెట్టె మీదే అచ్చువేసి ఉంది. ఒక్కో సబ్‌వూఫర్ నాలుగు ఓములు. ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే ఎనిమిది. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు, అంటే ప్యారలల్‌లో కలిపితే రెండు. ప్రసాద్ ప్యారలల్‌లో కలిపాడు.

పరీక్షకు ఇరుపక్షాలనూ పిలవడం నియమం. ఖాజాను ఎవరూ పిలవలేదు. యజమానిని బండిలో తెచ్చాడు కాబట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఎందుకలా కలిపావని ప్రసాద్‌ను అడిగాను.

"రెండు నాలుగులు ఎనిమిది గదా మేడం. కంపెనీవోళ్లు నాలుగు చాలన్యారు, మనం ఎనిమిది ఇచ్చినాం. డబల్ సేఫ్టీ."

మీటరు చేతికిచ్చి అతణ్ణే కొలవమన్నాను. 1.8 చూపింది. మామూలు మీటరు స్పీకరు మీద రాసిన ఓములకంటే కాస్త తక్కువే చూపుతుంది, కాబట్టి అది రెండు కిందే లెక్క. అతను దాన్ని రెండుసార్లు తట్టాడు.

"మీ మీటరు పాతదైనట్టుండాది మేడం."

ఇంకో మీటరు ఇచ్చాను. అదీ అంతే చూపింది. అప్పుడు స్పీకర్ల కంపెనీ మోసం చేసిందన్నాడు. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నానని కూడా చెప్పాడు. అన్నేళ్లలో ఒక్కసారీ కొలవలేదన్నమాట.

కారులోంచి వచ్చిన కాలిన తీగల చుట్టలో ఇంకొకటి దొరికింది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగులు మెలిపెట్టి ఉన్నాయి. ఫ్యూజు "ఊరికూరికే పోతాంటే కస్టమరుకు ఇబ్బంది" అని ప్రసాద్ చేసిన సేవ అది. వేడెక్కిన ఆంప్లిఫయరు ఎర్ర లైటు వేసి తనంతట తాను ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా ఐదు నిమిషాలు చూసి మళ్లీ వేయమని ఖాజాకు నేర్పిందీ అతనే.

షాపు నుంచి అదే రకం కొత్త ఆంప్లిఫయరు తెప్పించి, సరైన ఫ్యూజు వేసి, సౌండు చివరిదాకా పెంచి రెండు రకాలుగా నడిపాను. సిరీస్‌లో రెండు పీరియడ్లు ఆగకుండా నడిచింది. ప్యారలల్‌లో మొదటి పాట పూర్తికాకముందే ఎర్ర లైటు వెలిగింది.

నేను టీ తాగి వచ్చేసరికి ఇద్దరూ రాజీపడ్డారు. ప్రసాద్ కొత్త ఆంప్లిఫయరు ఇస్తాడు, శివన్న కేసు వదులుకుంటాడు, షాపు పేరు చెడకూడదు. అందుకు తప్పు మోసేవాడొకడు కావాలి.

"డ్రైవరు సౌండు పెంచినాడని ఒక్క మాట రాయండి మేడం. మాకు మాకు సరిపోతాది. వాణ్ణి మాన్పించేస్తా, అంతే," అన్నాడు శివన్న. గుమ్మంలో ఉన్న మనిషికి వినపడేలాగే అన్నాడు.

మా వైపు పెద్దమనుషుల తగాదా తీరేది ఇలాగే. ఎవరో ఒక చిన్నవాడు తప్పు మోస్తాడు, మిగతావాళ్లు ఆ రాజీని మంచితనం అంటారు. ఖాజాను లోపలికి పిలిచి, సౌండు పెంచావా అని అడిగాను.

"పెంచినా మేడం. ఎనక సీట్లోంచి 'ఏమిరా, చావింటికి పోతాండామా' అంటాంటే పెంచక ఏం జేయాల?"

శివన్న నవ్వాడు. తన మాట తనకే బాగా నచ్చినట్టుంది.

సౌండు చివరిదాకా పెంచినా సరైన జోడింపులో పరికరం చెడలేదని, జోడింపు తప్పని, ఫ్యూజు బదులు రాగి తీగ పెట్టారని, రెండూ షాపు పనులేనని, డ్రైవరుకు సంబంధం లేదని నివేదిక రాసి సంతకం చేశాను. చదువుకున్న ఆడవాళ్లతో ఇదే చిక్కని శివన్న ప్రసాద్‌తో అన్నాడు. అయినా ఆ నివేదిక ఫోరంలో ఉండగా డ్రైవరును నలుగురిలో తప్పుపట్టడం కుదరలేదు. ఖాజా ఉద్యోగం నిలిచింది.

ప్రసాద్ తానిచ్చిన కొత్త ఆంప్లిఫయరుకు సబ్‌వూఫర్లను సిరీస్‌లో కలిపాడు. మోత తగ్గింది. బావమరిది నవ్వాడట. వారం తిరక్కుండా శివన్న పాత పద్ధతిలోనే కలపమన్నాడు, ప్రసాద్ కలిపాడు. ఆ రోజే ఖాజా తాళాలు ఇచ్చేసి వేరేవాళ్ల లారీ ఎక్కాడు. తరవాత ఒకసారి కాలేజీకి వచ్చి ఈ సంగతి చెప్పాడు.

"మల్లా కాల్తాది మేడం. మల్లా మీరు రాస్తారు. నేను మల్లా ఆ గుమ్మంలో యాడ నిలబడేది?"

పరికరం ఎందుకు కాలిందో నివేదిక తేల్చగలదు. మళ్లీ కాలబెట్టే హక్కును మాత్రం పరికరం కొన్నవాడి దగ్గర నుంచి తీసుకునే శక్తి నివేదికకు లేదు. అప్పటినుంచి పదవీ విరమణ దాకా ప్రతి నివేదిక చివర ఒక వాక్యం చేర్చాను: ఇదే విధంగా బిగిస్తే ఇదే విధంగా చెడుతుందని యజమానికి, బిగించినవారికి తెలియజేయడమైనది. దాని కింద ఇద్దరి సంతకాలూ తీసుకునేదాన్ని. సంతకం పెట్టడానికి ఎవరూ వెనకాడలేదు. చదివి పెట్టినవాణ్ణి నేను చూడలేదు.