ఎండకాలం దాటిన రవ్వలు

డైరీలో తప్ప ఇది ఎక్కడా చెప్పలేదు. మూడేళ్ల కిందటి వానకాలంలో నేను తెచ్చిన మొదటి శాంపిల్‌లో అన్నీ వేలెడంత చేపపిల్లలే ఉండటానికి కారణం నా సిగ్గు. పెద్ద చేపలు పట్టేవాళ్లను అడగడానికి నోరు రాలేదు.

అప్పుడే కరీంనగర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. చేప రెక్క చివర గోరంత ముక్క కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసి తెచ్చి, డీఎన్‌ఏ చూడటం మా పని. మందమర్రి అంగట్లో చేపలమ్మే పోశవ్వ ఏటా గోదావరిలో గుడ్లు పెట్టే తల్లి రవ్వ చేపలు పట్టి, చేపపిల్లలు పుట్టించి అమ్మే ఒక హేచరీకి ఇచ్చేది. ఆ ఏడు హేచరీ యజమాని వద్దన్నాడు. ఏళ్ల తరబడి వరదల్లో చెరువులు తెగి, బొచ్చె, రవ్వ కలిసి పుట్టిన హైబ్రిడ్ చేపలు నదిలో పడ్డాయని, ఇక నది రవ్వను నమ్మలేమని అతని మాట. నిజం తేల్చే పని మాకు వచ్చింది.

నా సీసాల్లో చాలావరకు కలగలుపే కనిపించింది. రిపోర్టు ఇచ్చేముందు పోశవ్వకు చెబుదామని అంగడికి వెళ్లాను. ఆమె పొలుసు గీకుతూనే అడిగింది.

"ఎంతెంత చేపలు జూసినవ్ బిడ్డా?"

వేలు చూపించాను.

"గవా! గవి మొన్నటి వానకు పుట్టినయి. ఎండకాలం మడుగుల బతికినయి జూసినవా?"

"లేదవ్వా, అడగలేదు."

"చేపలనా, మనుషులనా?"

"మనుషులనే."

పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. పోశవ్వ నవ్వలేదు. "నా బతుకు తేల్చనీకె నోరు లేని పిల్లను తోలిండ్రు," అంది.

పెద్ద చేపల దగ్గరికి తీసుకెళ్లమని అప్పుడు నోరు తెరిచి అడిగి, మర్నాడు పొద్దున్నే ఆమె పడవ ఎక్కాను. మొదటి పెద్ద రవ్వ నా చేతుల్లోంచి జారి నదిలో పడింది. "పోనీ, దానికి సుత నువ్వంటే భయమే," అందామె. తల వంపు, మూతి చూసి ఆమె కలగలుపువి వేరుచేస్తుంటే నేను సీసాల మీద గుర్తులు రాసుకున్నాను. ల్యాబ్‌లో వచ్చిన ఫలితం దాదాపు ఆమె చెప్పినట్టే ఉంది.

ఏళ్లు దాటిన రవ్వల్లో బొచ్చె డీఎన్‌ఏ చాలా తక్కువ. ఉన్న కొద్ది బొచ్చె ముక్కలూ చాలా చేపల డీఎన్‌ఏలో ఒకేచోట ఉన్నాయి. మా సార్ దాన్ని నేచురల్ సెలెక్షన్ అన్నారు. బొచ్చె నీటి పైపైన మేస్తుంది, రవ్వ నడిమి నీళ్లలో. మేత వేసే చెరువులో ఈ రెంటికీ మధ్యరకమైన కలగలుపు చేప హాయిగా బతుకుతుంది. వేసవిలో ఎండిపోతున్న మడుగులో దానికి కష్టం. అక్కడ పనికిరాని జన్యువులు ఆ చేపలతోనే పోతాయి. హాని చేయనివి, మేలు చేసేవి తరాలు దాటి మిగులుతాయి. కలిసిందంతా నిలవదు. ఏ మనిషీ పూనుకోకుండా ఒక నది ఇంత ఓపికగా ఏరుకుంటోందని ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను.

ప్రతి తల్లి చేపనూ పరీక్షించి తీసుకోవచ్చని మా రిపోర్టు చెప్పింది. హేచరీ ఒప్పుకుంది. ఏ వయసు చేపను చూశామన్నది మరిచిపోతే యంత్రం కూడా అబద్ధమే చెబుతుందని నాకు తెలిసింది.

హేచరీ ఒప్పుకున్న కబురు చెప్పి బస్సెక్కబోతుంటే పోశవ్వ వెనక నుంచి కేకేసింది:

"అడుగుడు నేర్చినవ్ బిడ్డా. మల్లొస్తే పట్టుడు నేర్పుత."