శుక్రవారం ఇంగ్లీషు భోజనాలు

ఇంగ్లీషు రానివాడికి అన్నం సహించదని నేను ఒమాన్‌లో, మవాలేలో ఒక ఇంట్లో కళ్ళారా చూశాను.

ఆ ఇంటి ఇల్లాలు నర్సు. మా గోదావరి వైపు పిల్లే. శుక్రవారం సెలవు కాబట్టి, చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్ళింట్లోనే అందరం భోంచేసేవాళ్ళం. వంట నాది. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆ అమ్మాయే, పాటల పుస్తకం ముందు పెట్టి. నేర్పేటప్పుడు జాలి చూపించేది కాదు. అందుకే వచ్చాయి.

ఆమె మొగుడికి వీధి చివర సామాన్ల కొట్టు. కొట్టేమిటి, వాడి నోరే కొట్టు. ఒమానీ ముసలాయన వస్తే కూర్చోబెట్టి, చేతిలో ఖర్జూరం పెట్టి, ఒంటెల క్షేమం దాకా అరబ్బీలో అడిగేవాడు. పాకిస్తానీ డ్రైవర్లతో ఉర్దూ. సైట్ల నుంచి వచ్చే తెలంగాణ కుర్రాళ్ళతో వాళ్ళ యాసే. సబ్బు కోసం వెళ్ళినవాళ్ళు సబ్బు మర్చిపోయి తిరిగొచ్చేవారు. ఇంగ్లీషు మాత్రం ముక్క రాదు. ఇక్కడ ఎవరికీ ఆ లోటు కనిపించలేదు.

అలాంటి రోజుల్లో ఆ అమ్మాయి మనసు మాల్టా మీద పడింది. సముద్రం మధ్య చిన్న దీవి. ఇల్లు కొని, వాళ్ళు చెప్పినంత డబ్బు పెడితే ఉండటానికి కాగితాలిస్తారట. గల్ఫులో ఎన్నేళ్ళున్నా మనది వీసా బతుకే అనేది. పోర్చుగల్ గురించీ గ్రీసు గురించీ కూడా ఆరా తీసింది. అక్కడ ఇంగ్లీషుతో బతకొచ్చా అన్న ఒక్క ప్రశ్నతో వాటిని పక్కన పెట్టేసింది. మాల్టాలో రెండు భాషలు, వాళ్ళదొకటి, ఇంగ్లీషొకటి. తన డ్యూటీకి గానీ కూతురి బడికి గానీ కొత్త భాష నేర్చుకునే పని లేదు. నిజమే, ఇంట్లో ముగ్గురిలో ఇద్దరికి.

మూడోవాడు కొట్టు అమ్మనన్నాడు. కొట్టు అమ్మితే తప్ప దీవి లేదు.

దానికి ఆమె కనిపెట్టిన మందు, శుక్రవారం భోజనాల దగ్గర తెలుగు బంద్. నన్నొక్కదాన్నే వదిలేసింది. అంతటి మాటకారి పప్పు కావాలంటే వేలు చూపించేవాడు, నీళ్ళు కావాలంటే గడ్డం ఎత్తేవాడు. కూతురు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగేది. రానురాను సగం అన్నం వదిలేసి లేవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. "పిన్నీ, ఇక్కడ నేను సేఠ్‌ని. అక్కడ నర్సుగారి మొగుణ్ణి. ఆవిడ పక్కన నిలబడి తలూపడానికి కొట్టమ్ముకోవాలా?"

నేను ఓదార్చలేదు. "ఇంగ్లీషు రాకపోవడం కాదురా నీ జబ్బు. పెళ్ళాం ముందు తప్పు మాట్లాడ్డం నీకు చేతకాదు. నీ పెళ్ళాం ముందు కూర్చుని 'అ' దిద్దినప్పుడు నాకు సిగ్గెయ్యలేదా? చచ్చానా?"

ఆవకాయ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఒక శుక్రవారం, భోజనాల మధ్యలో, ఇల్లమ్మే మాల్టా ఆసామి వీడియో కాల్ చేశాడు. గదులు తిప్పి చూపిస్తున్నాడు. అమ్మాయి ఇంగ్లీషులో అడుగుతోంది, ఇతను గోడ చూస్తున్నాడు. వెనక నుంచి ఆసామి తల్లి కొడుకుని ఏదో గదమాయించింది. ఇతను తల తిప్పాడు.

"తలుపు గురించి అంటోంది ముసలావిడ," అన్నాడు తెలుగులో.

భార్య చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఎలా ఉన్నావమ్మా అని ఆవిణ్ణి అరబ్బీలో అడిగాడు. "తయ్‌బా," అంది ఆవిడ, బాగున్నానని. ఇక చూడాలి! సగం అర్థమై, సగం కాక, ఇద్దరూ ఒకటే నవ్వు. వాళ్ళ భాషకి అరబ్బీతో చుట్టరికం ఉందని ఆసామి చెప్పాడు. ఇంగ్లీషు ఉంటే చాలనుకుని రెండో భాష ఏమిటో అడగనే లేదని, అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ పూట అతను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ నెలలోనే కొట్టు బేరం పెట్టాడు.

వాళ్ళు వెళ్తే నా శుక్రవారాలు పోతాయని తెలుసు. తెలిసే వెళ్ళమన్నాను. ఇప్పుడు హమ్రియాలో నా గదిలో ఒక్కదానికి పప్పు వేస్తే కొలత కుదరదు, గిన్నె నిండిపోతుంది. మవాలే వైపు వెళ్ళినప్పుడు ఆ కొట్టు ముందు కాసేపు నిలబడతాను. లోపల ఎవరో కుర్రాడు, తలెత్తకుండా చిల్లర ఇస్తుంటాడు. సబ్బు కొనడానికి నిమిషం పట్టదు.

మొన్న మాల్టా నుంచి అతను ఫోన్ చేశాడు. రొట్టెల కొట్లో అరబ్బీలో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చారట. పరాయి మొహం కనిపిస్తే చాలు, అక్కడ అందరి నోరూ ఇంగ్లీషుకే తిరుగుతుందట.

"మోసపోయాను పిన్నీ."

"మరేం చేశావు?"

"ఏం చేస్తాను. వచ్చిన ఇంగ్లీషులోనే బేరమాడాను. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు."

"నీ పెళ్ళాం?"

"పక్కనే ఉంది. మాట అందించబోతే ఆగమన్నాను."

"తగ్గించారా?"

"లేదు. రేపు మళ్ళీ వెళ్తాను."