ఖాజా గారి కాటా

ఖాజా మొహిద్దీన్ గారు తూచనిదే ఏ జీవానికీ మందు పొయ్యరు. రొంపిచెర్ల పక్కన మా ఊళ్ళో నేను పశువుల డాక్టరుగా చేరేనాటికి ఆయన అక్కడ ఇరవై రెండేళ్ళుగా కాంపౌండరు. మోపెడ్ వెనక మనుషులెక్కే కాటా కట్టుకుని తిరిగేవారు. మేకపిల్లను చంకనేసుకుని కాటా ఎక్కడం, వచ్చినదాంట్లోంచి తన డెబ్భై నాలుగు కిలోలు తీసెయ్యడం. పొద్దున తిన్న ఇడ్లీలు కూడా లెక్కలోకి వచ్చేవి. గేదెను ఎత్తుకోలేక ఛాతీకి టేపు చుట్టేవారు గానీ, ఆ వెలితి మొహంలో కనిపించేది.

"ఎనిమిది కిలోలుంటుందిలెండి, పోసెయ్యండి" అంటే ఒప్పుకునేవారు కాదు.

"సల్ఫా మందుకి అందాజు పనికిరాదు మేడం. తక్కువైతే రోగం పోదు, ఎక్కువైతే మూత్రం బిగుసుకుపోద్ది."

పెళ్ళికెళితే పెళ్ళికొడుకును చూసి "అరవై ఒకటి" అని గొణిగేవారట. ఆయన భార్య సాబిరా మాత్రం పెళ్ళయినప్పటి నుంచీ ఆ కాటా దరిదాపులకు రాలేదు.

పోయిన వానాకాలం బసవమ్మ మేకపిల్లకు నెత్తురు పారుడు పట్టింది. ఆమె ఒంటరి మనిషి, నాలుగు మేకలే ఆధారం. నేను సల్ఫా రాశాను. మొదటి రోజు నిండు మోతాదు, తర్వాత నాలుగు రోజులు అందులో సగం, నీళ్ళు బాగా పట్టాలి.

ఖాజా గారు కాటా దించారు గానీ పిల్లను ఎత్తుకోలేదు.

"నడుం పట్టింది పెద్దమ్మా. నువ్వే ఎత్తుకుని ఎక్కు."

ఎక్కింది. పిల్ల లేకుండా మళ్ళీ ఎక్కించి, తీసివేత చేసి మందు పోశారు.

మూడో రోజుకి పిల్ల గెంతులేసింది.

"ఇంక మందెందుకురా ఖాజా?"

"ఐదు రోజులూ పొయ్యాల్సిందే. ఇంకోటి పెద్దమ్మా, ఈ మందు తాగే పిల్ల పక్కన మనిషి కూచుని కడుపునిండా తినాలి. లేకపోతే అది బెంగ పెట్టుకుంటది." సాబిరా పంపిన క్యారేజీ ముందు పెట్టారు.

"పశువుల మందుకి ఇదేం పథ్యంరా?"

"కొత్త మందు. డాక్టరమ్మనడుగు."

బసవమ్మ నావైపు చూసింది. ఐదేళ్ళ చదువును పక్కనపెట్టి తలూపాను.

బయటికొచ్చాక ఆయన మెల్లగా అన్నారు. "ముప్పై రెండు కిలోలుంది మేడం. పాలన్నీ అమ్ముకుని, తను టీనీళ్ళు తాగి పడుకుంటంది. తినమంటే కోప్పడద్ది."

మందు ఐదు రోజులకే ముగిసినా క్యారేజీ ఆగలేదు. నెల తర్వాత వెళితే బసవమ్మ ఖాజా గారిని వాకిట్లోనే నిలేసింది.

"ఒరేయ్, సాబిరాని పప్పులో ఇంకాస్త కారం వెయ్యమను. మేకపిల్లకి చప్పగా ఉంటందంట."