రేసు టైర్లకు రాసిన పసుపు

అది 2023, కార్తీకమాసం వెళ్ళిపోయిన రోజులు. ఏలూరు బస్టాండుకు వెళ్ళే దారిలో మాది టూ-వీలర్ టైర్ల దుకాణం. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు, దుకాణం నాది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. వచ్చిన ప్రతివాడూ కౌంటర్లో నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసి, “అయ్యగారు లేరాండీ?” అంటాడు. “ఉన్నారు నాయనా, డ్యూటీలో ఉన్నారు. నీకు కావలసింది ఆయనా, టైరా?” అంటాను. నా నోరు కాస్త దురుసే. టైరు విషయంలో ఎవరికీ అన్యాయం చెయ్యలేదన్న ధైర్యంతో వచ్చిన దురుసు అది.

మా దగ్గరకు వచ్చే బళ్ళు ఎక్కువగా కొల్లేరు వైపువి. చేపల చెరువుల గట్ల మీద తిరిగేవి, మేత బస్తాలు మోసేవి, పాలక్యాన్లు వేలాడేవి. వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: “ఎన్నాళ్ళొస్తుందండీ?” అలాంటి చోటికి ఒకాయన వచ్చి, “తొందరగా అరిగిపోయినా పర్లేదండీ, రోడ్డును బాగా పట్టుకోవాలండీ” అన్నాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ మాట వినడం అదే మొదలు. మతిగానీ పోయిందేమోనని ఎగాదిగా చూశాను.

పేరు సురేంద్ర. కాపురం తాడేపల్లిగూడెంలో, ఉద్యోగం చేపల మేత అమ్మే కంపెనీలో. ముదినేపల్లి నుంచి కొల్లేరు దాకా చెరువుల చుట్టూ తిరగడమే పని. మనిషి నోట్లోంచి ‘అండీ’ లేకుండా మాట రాదు. అంత మెత్తటి మనిషికి మూడువందల సీసీ బండి, దాని మీద చెప్పలేనంత పిచ్చి. చెన్నై అవతల ఉన్న రేసు ట్రాక్‌లో ట్రాక్ డేకి పేరిచ్చాడట. ట్రాక్ డే అంటే పోటీ కాదు. డబ్బు కట్టిన మామూలు మనుషులు ఒక రోజంతా తమ బళ్ళను ఆ ట్రాక్ మీద కావలసినంత వేగంగా, వంపుల్లో వంచి నడుపుకోవచ్చు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా గేదె రాదు.

ఆయన వెనకే భార్య లావణ్య కూడా వచ్చింది. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తుంది. అసలు సంగతి ఆమే చెప్పింది.

“నిరుడు చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్ళ మీద జారి పడ్డారండీ ఈయన. భుజం ఎముక విరిగింది. మూడు నెలలు అన్నం నేనే కలిపి పెట్టాను. ఇక రోడ్డు మీద స్పీడు వద్దు, ఆ సరదా ఏదో ఏడాదికొకసారి ఆ ట్రాక్ మీదే తీర్చుకోండి అని ఒప్పందం చేసుకున్నాం. అక్కడ కూడా పడ్డారో, బండి అమ్మేస్తాను. మాటంటే మాటేనండీ.”

సురేంద్ర తల వంచుకుని, “నిజమేనండీ” అన్నాడు. బండి అమ్మేస్తానన్న మాట వినగానే పాపం ఆ ముఖం చూడలేకపోయాను.

లావణ్య మొత్తం ఖర్చుకు ఒక గీత గీసింది. ఎంట్రీ ఫీజు, లెదర్ సూటు అద్దె, ప్రయాణం పోగా మిగిలిందే టైర్లకు. అందులో సగం ఆశలు కూడా తీరవు. సురేంద్ర ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. రేసులో వాడి తీసేసిన స్లిక్ టైర్లు, ఎవరో చవకగా అమ్ముతున్నారట. స్లిక్ అంటే ఒక్క గాడి కూడా లేని నున్నటి టైరు.

“గుండు చేయించినట్టుంది. ఇదేం టైరండీ?” అంది లావణ్య.

“రేసులో ఇదే వాడతారండీ!” అన్నాడు సురేంద్ర.

“వాడతారు బాబూ,” అన్నాను నేను. “వాళ్ళకు టైర్ వార్మర్లుంటాయి. కరెంటుతో టైరును ముందే వేడెక్కించే దుప్పట్లు. పెనం కాలితేనే కదా అట్టు వచ్చేది. వేడెక్కని స్లిక్ వేసుకుని మొదటి వంపులోకి వెళ్ళావనుకో, తిన్నగా లావణ్య గారి ఒప్పందంలోకే పోతావు. పైగా అది వాడేసిన టైరు. ఎన్నిసార్లు కాగి చల్లారిందో ఎవడికి తెలుసు?”

అయితే పాత స్టాకు కొత్త టైరు ఏదైనా తగ్గింపులో ఇమ్మన్నాడు. అదీ ఇవ్వనన్నాను. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి, ఏ వారంలో ఏ సంవత్సరంలో తయారైందో అవే చెబుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, మనుషుల్లాగే. గట్టిపడ్డ టైరుతో కూరగాయలకు వెళ్ళొచ్చు, ట్రాక్ మీదకు వెళ్ళకూడదు.

చివరికి నేను తీసింది డ్యూయల్ కాంపౌండ్ టైరు. కాంపౌండ్ అంటే రబ్బరు మిశ్రమం. తిన్నగా వెళ్ళేటప్పుడు నేలకు ఆనే నడిమి భాగం గట్టిగా ఉంటుంది, కాబట్టి రోజూ తిరిగినా అరగదు. వంచినప్పుడు ఆనే పక్కలు మెత్తగా ఉంటాయి, కాబట్టి పట్టు ఇస్తాయి. గాళ్ళుంటాయి, వాన వచ్చినా భయం లేదు. ట్రాక్ డే అయ్యాక ఇదే టైరుతో చెరువుల మీదకు ఉద్యోగానికీ వెళ్ళొచ్చు. బడ్జెట్లో ట్రాక్ మీదకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇప్పటికీ నేను చెప్పేది ఇదే.

లావణ్య టైరును వేలితో నొక్కి చూసి, “ఒకచోట గట్టి, ఒకచోట మెత్తన. అయితే దిబ్బరొట్టె అన్నమాట” అంది. ఒక్క ముక్కలో ఇలా అర్థం చేసుకున్న కస్టమర్ నాకు మళ్ళీ దొరకలేదు.

టైర్లు వేశాం. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన నునుపు ఉంటుంది. అది పోయేదాకా నెమ్మదిగా నడపాలి. దీన్ని స్క్రబ్-ఇన్ అంటారు. సురేంద్ర బుద్ధిమంతుడు. ఏలూరుకీ గూడేనికీ మధ్య నాలుగు రోజులు పెళ్ళివారి కారులా నడిపి, తీసుకొచ్చి చూపించాడు. నునుపంతా పోయి టైరు గరుకుగా, ముద్దొచ్చేలా తయారైంది. “ఇక దీని మీద ఏమీ రాయకూడదు. మెరుపు కోసం పాలిష్ గీలిష్ అన్నావంటే ఊరుకోను” అన్నాను. “రాయనండీ, ఒట్టండీ” అన్నాడు. ఆ ఒట్టు ఆయన తప్పలేదు కూడా.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న నేను చర్చిలో ఉన్నాను. పాస్టరు గారు ప్రసంగంలో ఉండగా సంచిలో ఫోను గిలగిల కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, ఆగకుండా. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ నన్ను కళ్ళతోనే కాల్చేసింది. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి ఎత్తాను.

“మేడమ్ గారండీ, ట్రాక్ దగ్గర్నుంచండీ. నన్ను లోపలికి పంపడం లేదండీ. టైర్లు పచ్చగా ఉన్నాయంటున్నారండీ.”

“పచ్చగా ఏమిటి? నేనమ్మింది నల్ల టైర్లు!”

“పసుపండీ. అమ్మ పూజ చేసిందండీ.”

వ్యానెక్కించే ముందు వాళ్ళమ్మ సత్యవతి గారు బండికి పూజ చేశారట. పూజ చేస్తే నాకేం అభ్యంతరం? మా సంఘంలోనూ కొత్త బండి కొంటే పాస్టరు గారు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. పసుపు బొట్లు పెట్టినా మామూలుగా బండి వీధి చివరకు వెళ్ళేసరికి రాలిపోతాయి. కానీ ఈ బండి ఇంటి దగ్గర నుంచి ట్రాక్ దాకా వ్యానులోనే వెళ్ళింది, చక్రం తిరగలేదు. పైగా ఆ పసుపులో ఏదో జిగురుగా ఉందని స్క్రూటినీ ఆఫీసరు, అంటే బళ్ళను పరీక్షించి లోపలికి పంపే ఆయన, వేలితో తీసి వాసన చూస్తున్నాడట.

“మీ అమ్మగారిని లైన్లోకి తీసుకో బాబూ” అన్నాను.

గూడెం నుంచి సత్యవతి గారు లైన్లోకి వచ్చారు. “నువ్వుల నూనె కలిపానమ్మా. దారిలో వానొస్తే పసుపు కడిగేసుకుపోదూ? మధ్యలో సందు లేకుండా చక్రమంతా శుభ్రంగా పట్టించాను. గడపకు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు.”

ఓరి దేవుడా! రోడ్డును పట్టుకోవడానికి ఏరి ఏరి ఇచ్చిన మెత్తటి రబ్బరుకు నువ్వుల నూనె తలంటు! అలాగే లోపలికి వదిలేస్తే మొదటి వంపులోనే మనిషి నేల మీద ఉండేవాడు. ఆ ఆఫీసరు ఎవరోగానీ చల్లగా ఉండాలి.

“అమ్మగారూ, అది తుడిచెయ్యాలండీ. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగెయ్యాలి” అన్నాను.

“ఏంటమ్మా? పసుపు తుడవాలా?”

ఎంత దురుసు నోరైనా కొన్నిచోట్ల పనిచెయ్యదు. ముత్తయిదువ పెట్టిన పసుపు, కొడుకు క్షేమం కోసం పెట్టింది. చర్చి మెట్ల మీద నిలబడి దాన్ని తుడిచెయ్యమని చెప్పడానికి నేనెవర్ని? చెప్పకపోతే ఆ అబ్బాయి పడతాడు.

“తుడవకపోతే పడతాడండీ” అనేశాను.

“శుభమా అంటూ బయల్దేరినవాణ్ణి పడతాడంటావేంటమ్మా! తథాస్తు దేవతలుంటారు!”

అటు కొడుకేమో, “అమ్మ బాధపడితే నేను నడపనులెండి, తిరిగొచ్చేస్తానండీ” అంటున్నాడు. కట్టిన డబ్బు, ఏడాది ఎదురుచూపు, అన్నీ ఆ మర్యాదలోనే కొట్టుకుపోయేలా ఉన్నాయి. అప్పుడు ఆయనతోపాటు ట్రాక్‌కు వెళ్ళిన లావణ్య గొంతు వినపడింది. “ఒక్క నిమిషం ఉండండి అందరూ.”

ఫోను ఎక్కడో కింద పెట్టిన చప్పుడు. ఏదో రుద్దుతున్న చప్పుడు. చుట్టూ తమిళంలో ఎవరో నవ్వుతున్నారు. కాసేపటికి మళ్ళీ మాట్లాడింది.

“అత్తయ్యగారూ, పసుపు ఎక్కడికీ పోలేదండీ. టైరు మీదది తీసి నా కాళ్ళకు రాసుకున్నాను. సరిపోతుందా?”

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

“రెండు కాళ్ళకీనా?” అన్నారు సత్యవతి గారు.

“రెండు కాళ్ళకీనండీ. పేరంటంలో రాసినట్టుంది.”

“అయితే సరే. ఇక ఆ చక్రం కడుక్కోమను.”

క్యాంటీన్లో గిన్నెల సబ్బు అడిగి తెచ్చి, రెండు టైర్లూ రెండుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టారు. మొదటి రౌండ్లు నెమ్మదిగా తిరగమని ఆఫీసరూ నేనూ ఇద్దరం చెప్పాం. నేను చర్చిలోకి వెళ్ళేసరికి ప్రసంగం అయిపోయింది. ఆ రోజు నా ప్రార్థనంతా రెండు టైర్ల గురించే, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మధ్యాహ్నం కోడికూర కూడా సహించలేదు. నూనె గానీ రబ్బరులోకి ఇంకిందేమో, నడుమ శుభ్రంగా కడిగి అంచులు వదిలేశారేమో అని ఒకటే పీకులాట.

సాయంత్రం ఫోనొచ్చింది. “పడలేదండీ! మోకాలు నేలకు తగల్లేదు గానీ, బాగా వంచానండీ! టైరు పట్టుకుందండీ!” అని చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. వెనక నుంచి లావణ్య, “బండి అమ్మట్లేదండీ” అని కేకేసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మా ఆయన, “ఎవరు పోయారే?” అని కంగారుగా లేచొచ్చారు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది నవ్వుకోవడానికి చెప్పుకునే ముచ్చటే. కానీ తర్వాతి వారం సత్యవతి గారు గూడెం నుంచి బస్సెక్కి ఒక్కరే మా దుకాణానికి వచ్చారు. నేను దెబ్బలాటకు సిద్ధమయ్యాను. ఆవిడ చేగోడీల డబ్బా కౌంటర్ మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు.

“నిరుడు వాడు పడిన టైర్లు వేయించుకున్నప్పుడు నేను మా చెల్లెలింట్లో చింతలపూడిలో ఉన్నానమ్మా. పూజ చెయ్యలేదు. నా వల్లే పడ్డాడని ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాను. అందుకే ఈసారి అంత దట్టంగా రాశాను. నూనె జారుతుందని నాకు తెలియదా? వంటింట్లో పుట్టి పెరిగినదాన్ని. కానీ టైరు విషయం వాడికి చెప్పావు, కోడలికి చెప్పావు, నాకెవరూ ఏమీ చెప్పలేదు.”

ఆవిడ కన్నా ఎక్కువగా ఆ టైర్ల గురించి ఆలోచించిన మనిషి ఆ ఇంట్లో లేరు. అలాంటావిడను వదిలేసి మిగతా అందరికీ పాఠం చెప్పాను.

లోపల్నుంచి గాలి చూసుకునే గేజ్ ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. టైరులో గాలి తగ్గితే బండి వంపులో అదుపు తప్పుతుంది. అది ఎప్పుడు చూడాలంటే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే. అంటే సరిగ్గా పూజ వేళకే. “ముందు ఇరవై తొమ్మిది, వెనక ముప్పై రెండు ఉండాలండీ. శుక్రవారం శుక్రవారం చూడండి. బొట్టు రిమ్ముకు పెట్టుకోండి, రబ్బరు జోలికి మాత్రం వెళ్ళకండి” అన్నాను. మా దుకాణం ముందున్న బండికి నాలుగుసార్లు పట్టి చూసి నేర్చుకున్నారు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పొద్దున్న ఫోను. “ముందు ఇరవై తొమ్మిది, వెనక ముప్పై రెండు. దణ్ణం పెట్టుకున్నాను.” అంతే, పెట్టేసేవారు. కొన్నాళ్ళకు ఒక శుక్రవారం గొంతు వేరుగా ఉంది. “వెనక ఇరవయ్యే ఉందమ్మా. మొన్న కొట్టించిన గాలి ఏమైంది? వాడు పనికి వెళ్తానంటున్నాడు, తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను.”

బండిని ఆటో ట్రాలీలో వేయించి పంపారు. వెనక టైరులో తలకాయ అరిగిపోయిన మేకు, బయటికి కనపడనంత లోపలికి దిగి ఉంది. ఆ టైరుతోనే ఆ రోజు సురేంద్ర కొల్లేరు దారిలో, చేపల నీళ్ళు కారే రోడ్డు మీద వెళ్ళాల్సింది. మేకును కాగితంలో చుట్టి ఆవిడకు పంపించాను. అందగానే ఫోను చేశారు.

“వెళ్ళుంటే పడేవాడేనా అమ్మా?”

“పడేవాడేనండీ” అన్నాను. ఈసారి ఆవిడ తథాస్తు దేవతల మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా దగ్గర టైర్లు వేయించుకునేవాళ్ళకు కాంపౌండ్ గురించీ స్క్రబ్-ఇన్ గురించీ చెప్పినా చెప్పకపోయినా, ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతాను. “మీ ఇంట్లో మీ గురించి అందరికన్నా ఎక్కువ భయపడేదెవరండీ? బిల్లు తర్వాత కట్టొచ్చు, ముందు వాళ్ళను ఒకసారి తీసుకురండి.”