కోడలి గుండు

మా ఆయన నోరు విప్పడు కాబట్టి నేను గైడునయ్యాను. లేకపోతే ఇప్పటికీ చిలమత్తూరు దగ్గర మా పల్లెలో కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్లో వాళ్ల జాకెట్లు కుడుతూ ఉండేదాన్ని.

మా ఊరిని ఆనుకుని మూడు కొండల మధ్యలో ఒక చెరువు ఉంది. నేను కాపురానికి వచ్చిననాటి నుంచి అందులో నీళ్లు చూసిన పాపాన పోలేదు. తుమ్మచెట్లు మొలిచాయి, గొర్రెలు తిరిగేవి, సెలవుల్లో పిల్లలు క్రికెట్ ఆడేవారు. మా దృష్టిలో చెరువంటే ఒక మైదానం పేరు. అలాంటిది కొన్నేళ్ల కిందట వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే ఊరంతా కట్ట మీదికి పరుగెత్తింది. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరువ మీదుగా పారుతున్నాయి. కొండలు మూడూ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే మా అత్త మాత్రం, "ఇంగ దోమలతో సస్తాం పో" అంది.

ఎవరో ఫోనులో వీడియో తీసి పెట్టారు. ఆదివారం వచ్చేసరికి బెంగళూరు కార్లు వరుస కట్టాయి. మా ఆయనకు ఒక టెంపో ఉంది. పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ తోలుతుంటాడు. బెంగళూరు నుంచి ఒక గుంపు ఫోను చేసి, పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దాకా చుట్టుపక్కలంతా చూపించి దింపాలని అడిగారు. ఆయన సరేనన్నాడు. కట్ట మీద బండి ఆపి పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడ విశేషమేంటి?" అని అడిగారట.

"నీళ్లు" అన్నాడట.

"అదిగో, ఆ కొండ పేరేంటి?"

"కొండే."

సాయంత్రం ఆ గుంపులో పెద్దమనిషి ఒకాయన మా ఇంటిముందు బండి దిగి నాతో చాలా మర్యాదగా చెప్పాడు. "మీవారు బండి బాగా నడుపుతారమ్మా. ఈసారి మాట్లాడే మనిషిని కూడా పంపండి." మరుసటి ఆదివారం నేనే బండెక్కాను. నేను పుట్టింది మడకశిరలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. రెండు భాషల్లోనూ ఆపకుండా మాట్లాడగలను. అది నా గొప్పతనమని నేననుకుంటాను, జబ్బని మా అత్త అనుకుంటుంది.

తిరగడానికి ఒక వరస పెట్టుకున్నాం. పొద్దున్నే రోడ్డు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. ఎండెక్కకముందే కొండెక్కి పైనుంచి చెరువంతా చూడటం. దిగాక గుండ్రటి పుట్టిలో నీళ్ల మీద ఒక చుట్టు. మధ్యాహ్నం కట్ట కింద చింతతోపులో భోజనం. మా అత్త చేసిన రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, ఆకుకూర పప్పు. మాపటేళ చెరువు అవతలి ఒడ్డున గుండ్ల మధ్య నడక. గుండు అంటే మా వైపు ఏనుగంత బండరాయి. బెంగళూరువాళ్లు మొదట్లో గుండు చూపిస్తామంటే ఎవరికో గొరిగించారనుకుని నవ్వేవారు.

తిరగడం బాగానే ఉంది కానీ వాళ్లకు చరిత్ర కావాలి. ఏ రాయి దగ్గర ఆగినా "దీని కథేమిటి" అంటారు. మొదటి రెండు ఆదివారాలు నేను నిజమే చెప్పాను. "ఇది రాయి. ఎండాకాలంలో దీని నీడన గొర్రెల్ని నిలబెడతారు." వాళ్ల మొహాలు చూడాలి. బువ్వలో రాయి పడినట్టు పెట్టారు.

మూడో ఆదివారం పొద్దున మా అత్తకూ నాకూ చింతపండు దగ్గర మాటామాటా వచ్చింది. ఆ మంట మీదే ఉన్నాను. అవతలి ఒడ్డున, చెరువుకేసి మొహం పెట్టి కూర్చున్న మనిషిలా ఉన్న ఒక గుండు దగ్గర ఒకామె ఆగి, దీనికేమైనా పేరుందా అని అడిగింది. నా నోట్లోంచి "కోడలి గుండు" అని వచ్చేసింది. పేరు వచ్చాక కథ రాకుండా ఉంటుందా? ఒక అత్త కోడలిని నీళ్లకు పంపిందట. కోడలు ఎన్ని బిందెలు మోసినా తొట్టి నిండదట. కోడలు ఇటు తిరగ్గానే అత్త అటు నీళ్లు పారబోస్తుందట. చివరికి కోడలు బిందె దించి, ఇంక లేవను పొమ్మని ఇక్కడే కూర్చుని రాయైపోయిందట. ఆడవాళ్లు కొందరు ఆ రాయిని చేత్తో నిమిరారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. మొగవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. మా ఆయన మాత్రం టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ కోడలి గుండు దగ్గర అందరూ పది నిమిషాలు మౌనంగా నిలబడేవారు. మా అత్త చింతతోపు దాటి అవతలికి రాదు కాబట్టి నాకు భయం లేదు.

అలా ఉండగా ఒక ఆదివారం బెంగళూరు నుంచి ఒక అపార్ట్‌మెంటు వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక ముసలామె. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నూలుచీర మీద క్రికెట్ టోపీ పెట్టుకుని, చేతిలో కర్రతో దిగింది. అందరితోనూ కన్నడమే. మధ్యమధ్య ఇంగ్లీషు. నేను, మా ఆయన బండిలో మామూలుగా తెలుగులో మాట్లాడుకుంటాం. ఎక్కిన వాళ్లకు తెలియదన్న ధైర్యం ఒకటి. పోనీ తెలిసినవాళ్లు ఉన్నారేమో అని ముందే అడిగి చూసుకుంటాను. ఆరోజు "తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా?" అని కన్నడంలో అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు.

ఇంకేముంది, మొదలుపెట్టాను. "ఆ టోపీ ముసలామెను చూసినావా? కొండెక్కుతాదంట. మధ్యలో కూలబడితే నువ్వే ఎత్తుకొని దింపల్ల, నాకు తెల్దు" అన్నాను. ఆయన అద్దంలోకి చూసి గొంతు సవరించుకున్నాడు. "ఆ ఎర్ర చొక్కాయన ఉగ్గాని మూడుసార్లు పెట్టించుకున్నాడు, ఇంగ మధ్యాన్నానికి సంగటి చాలదు" అన్నాను. ఆయన ఈసారి హారను కొట్టాడు, రోడ్డు మీద కుక్క కూడా లేదు. ముసలామె కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కొద్దిగా అదురుతున్నాయి. గతుకుల రోడ్డు కదా అనుకున్నాను.

ఆమె కూలబడలేదు. నాకంటే ముందే కొండెక్కి పైన రాతి మీద కూర్చుని, చెరువును చాలాసేపు చూసింది. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే ఆమె ఒక్కతే ఫోను తియ్యలేదు. ఆరోజు వాళ్లు తొందరగా తిరిగి వెళ్లాలన్నారని అవతలి ఒడ్డు నడక కూడా భోజనానికి ముందే ముగించాం. కోడలి గుండు దగ్గర నా కథ మొత్తం కన్నడంలో శ్రద్ధగా వింది. బిందెలు ఎన్ని అని కూడా అడిగింది. నేను కొంచెం కూడా తడుముకోకుండా నూటొకటి అన్నాను.

చింతతోపులో విస్తళ్లు వేశాం. మా అత్త సంగటి ముద్దలు వడ్డిస్తూ వస్తోంది. నేను ఊరిబిండి గిన్నె పట్టుకుని ముసలామె విస్తరి దగ్గరికి వచ్చి, కారంగా ఉంటుందని చేత్తో సైగ చేశాను. ఆమె టోపీ పైకెత్తి నా మొహంలోకి చూసి, "ఇంకొంచెం ఎయ్యమ్మే. ఈ మాత్రం కారానికి కూలబడను గానీ, కూలబడినా నీ మొగుడు ఎత్తుకుంటాడు కదా" అంది.

గిన్నె నా చేతిలోంచి జారలేదు కానీ, ఊరిబిండి మాత్రం ఆమెకు రెండు గరిటెలు ఎక్కువే పడింది. మా ఆయన తల వంచుకుని సంగటిలో మునిగిపోయాడు.

"మీకు తెలుగు వస్తాదా పెద్దమ్మా?" అన్నాను.

"వస్తాదా అంటే? నేను పుట్టింది ఆ కొండకు అవతల ఊర్లోనే. మీ తెలుగు కంటే నాదే ముతక తెలుగు."

"మరి పొద్దున అడిగితే చెయ్యెత్తలేదే?"

"ఎత్తింటే నువ్వు నోరు మూసుకొంటావు. నాకు తమాషా యాడ దొరుకుతాది?"

మా అత్తకు ఏదో అర్థమై దగ్గరికి వచ్చి నిలబడింది. ముసలామె ఆమె వైపు తిరిగి, "ఏమమ్మా, మీ కోడలు కోడలి గుండు కథ బాగానే చెప్పింది గానీ సగమే చెప్పింది" అంది.

"కోడలి గుండా? ఏం కథ?" అంది మా అత్త.

నేను సంగటి తెస్తానని వెనక్కి తిరిగాను. "కూర్చోమ్మే, నువ్వు గూడా ఇను" అని ముసలామె నా చెయ్యి పట్టుకుంది. నా కథంతా అత్తకు చెప్పింది, బిందెల లెక్కతో సహా. మా అత్త మొహం గంటు పెట్టుకుంది. అప్పుడు ముసలామె గొంతు తగ్గించి, "అది ఈమెకు తెలిసిన కథ. మా అవ్వ చెప్పింది వేరే ఉండాది. అది కోడలు కాదు, అత్త. కోడలు నీళ్లకని పొయ్యి, దావలో కనపడిన ప్రతి మనిషితోనూ నిలబడి మాట్లాడుకుంటా ఉండిపోయింది. అత్త ఎతుకులాడుకుంటా వచ్చి, ఇప్పుడొస్తాది, అప్పుడొస్తాది అని కాచుకొని కాచుకొని ఆడనే రాయైపోయింది. అది అత్త గుండు" అంది.

మా అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "నిజమేనమ్మా! ఎవరో నా కథే చెప్పినట్టుండాది. నేను గూడా పొయ్యి కాడ అట్లే రాయైపోతాండా."

అపార్ట్‌మెంటు వాళ్లు ఏం జరుగుతోందో చెప్పమని గొడవ చేశారు. ముసలామె కన్నడంలో రెండో కథ చెప్పింది. భోజనాలయ్యేలోపు వాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఎర్ర చొక్కాయన అత్త పక్షం చేరాడు, సంగటి అదనంగా దొరికింది.

బండి దగ్గర ఆమెను పక్కకు తీసుకెళ్లి అడిగాను. "పెద్దమ్మా, ఆ కథ మీ అవ్వ నిజంగా చెప్పిందా?"

"మా అవ్వ నేను పుట్టకముందే పోయిందిలేమ్మే" అంది, టోపీ సరిచేసుకుంటూ. తర్వాత కాసేపు కట్టవైపు చూసి, "ఈ చెరువు నా చిన్నప్పుడు ఒక్కసారే నిండింది. మా నాయన భుజాల మీద ఎక్కించుకొని కొండ మీదికి తెచ్చి చూపించినాడు. మళ్లా చూస్తా అనుకోలేదు" అంది. నేను ఆమె చేతిలోని కర్ర అందుకుని బండెక్కించాను.

రాత్రి మా ఆయన్ను నిలదీశాను. "ఆమెకు తెలుగు వస్తాదని నీకు తెలుసు కదా?"

"పొద్దున్నే తెలుసు. బండి వెనక తెలుగులో రాసింది చదివి నవ్వుకుంటాంటే చూసినా."

"మరి చెప్పలేదే?"

"నువ్వు సందిస్తే కదా" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మా అత్త నేను చెప్పకుండానే భోజనం దగ్గర తన కథ మొదలుపెట్టింది. అవతలి ఒడ్డు నడకను పొద్దునకే మార్చుకున్నాం కాబట్టి, పొద్దున నేను కోడలి గుండు చూపిస్తాను. మధ్యాహ్నం ఆమె దాన్ని అత్త గుండు చేస్తుంది. సాయంత్రం వెళ్లేవాళ్లు బండిలో వాదించుకుంటూ పోతారు. కథ ఊళ్లోకీ పాకింది. ఒక శుక్రవారం అటు వెళితే గుండుకు పసుపు రాసి ఉంది. ఒక పక్కన గాజులు, ఇంకో పక్కన ఆకూవక్కా. గాజులు ఏ కోడళ్లు పెట్టారో తెలియదు, ఆకూవక్క మాత్రం మా ఇంటి డబ్బాలోదే. ఇప్పుడు గొర్రెలను ఆ నీడన నిలబెట్టడానికి లేదు. అక్కడికి వెళ్తే నేను కూడా చెప్పులు విప్పాల్సి వస్తోంది. ఎండలో కాళ్లు కాలుతుంటే, అనవసరంగా పేరు పెట్టానే అనుకుంటాను.

ముసలామె ఆ తర్వాత కూడా తరచుగా వచ్చేది, వచ్చినప్పుడల్లా కొత్త స్నేహితులతో. మా అత్తకూ ఆమెకూ ఫోనులో మాటలు కలిశాయి. నేను మాట్లాడితే జబ్బు, వాళ్లు గంటసేపు మాట్లాడితే కష్టసుఖాలు.

పోయిన ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు ఒడ్డు నుంచి లోపలికి, లోపలికి జరిగిపోయింది. ఎండలు ముదిరేసరికి మధ్యలో బురద మడుగు, అదీ పోయి నెర్రెలు మిగిలాయి. నేను అందరికీ ఫోను చేసి రావొద్దని చెప్పాను. ముసలామెకూ చెప్పాను.

"నీళ్లు చూసేదానికి నేనెందుకు రావల్ల? మీ అత్తను చూసేదానికి వస్తాండా" అని పెట్టేసింది.

చెప్పినట్టే బండి నిండా స్నేహితులతో దిగింది. నాకు ఏం చూపించాలో తెలియక కట్ట మీదే నిలబడిపోయాను. మా అత్త నా చేతిలోని సంగటి దుత్తను చూసి, దాన్ని మోసుకుని రమ్మని నాకు చెప్పి, ముసలామె చెయ్యి పట్టుకుని కట్ట దిగింది. వెనకాలే గుంపంతా దిగింది. నెర్రెలు దాటుకుంటూ, ఎవరో పెట్టిన దోసపాదుల పక్కనుంచి నడుచుకుంటూ చెరువు నడిమధ్యకు చేరారు.

కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి చుట్టూ చూసి, "ఇంతకీ చెరువు ఎక్కడుంది?" అని అడిగింది.

"ఇదేమ్మా. నువ్వు దాని కడుపులో నిలబడుండావు" అంది మా అత్త, తడుముకోకుండా. "నిండినప్పుడు వచ్చినోళ్లకు ఈడ నిలబడే యోగం యాడిది?"

ముసలామె నవ్వి నవ్వి దగ్గొచ్చి కర్ర పక్కన పెట్టి అక్కడే కూర్చుంది. ఆ అమ్మాయి ఫోను తీసింది. మిగిలినవాళ్లు కూడా ఒకరి పక్కన ఒకరు సర్దుకుని, చెరువు మధ్యలో ఫోటోకు నిలబడ్డారు.