శంఖంలాంటి మెడ

ముందునుంచీ జాగ్రత్తపడి ఉంటే ఆ మెడ ఇంకొంతకాలం నిలిచేదా? ఇన్నేళ్లు ఆలోచించినా నాకు తేలలేదు.

నగల దుకాణంలో వెనకగదిలో కూర్చుని నేను ముత్యాలు గుచ్చేదాన్ని. గాజు తలుపుకు అవతల, కౌంటరు దగ్గర శంఖమక్క. కొనడానికొచ్చినవాళ్లు ఏ హారం అడిగినా తన మెడలో పెట్టుకుని చూపించడం ఆవిడ పని. పళ్లెంలో ఉన్నప్పుడు ఎవరూ కన్నెత్తి చూడని గొలుసు కూడా ఆ మెడకెక్కితే ప్రాణం పోసుకునేది. మెడ మీద మూడు సన్నటి గీతలుండేవి. ఒక పెద్దావిడ వాటిని చూసి, శంఖానికుండే గీతలమ్మా ఇవి, అదృష్టవంతురాలివి అంది. పేరు అలా పడింది.

ఆ మెప్పే కొంప ముంచింది. గీతలు లోతవుతుంటే అక్క మురిసిపోయింది. ఎండకు రాసుకునే క్రీము గడ్డం దాకా శ్రద్ధగా రాసి, మెడను వదిలేసి, వేళ్లకు మిగిలింది చేతులకు పులుముకునేది.

ఒక మధ్యాహ్నం ఒకావిడ కూతురితో వచ్చి, అద్దంలో అక్కను కాసేపు చూసింది. "హారం బావుంది. ఇంకెవరి మెడలోనైనా పెట్టి చూపిస్తారా?" అంది.

అక్క నవ్వుతూనే హారం తీసి ఆ కూతురి మెడలో పెట్టింది. వెనకగదిలోకి వచ్చాక ఆ నవ్వు లేదు.

ఆ తర్వాత పడని పాట్లు లేవు. కిందనుంచి పైకి నూనె మర్దన, గుడ్డు తెల్లసొన పట్టు, తల వెనక్కి వాల్చి పెదాలు బిగించే వ్యాయామం. అది చూసి కాపలా ఆయన, పైన బల్లి గానీ ఉందా అక్కా అన్నాడు.

"బల్లి కాదయ్యా, వయసు. ఎక్కడ పైనబడుతుందోనని చూస్తున్నా."

చర్మం డాక్టరు దగ్గరికి నన్నూ తోడు తీసుకెళ్లింది. జారిన చర్మాన్ని ఏ క్రీమూ పైకెత్తదనీ, ఇకనైనా ఎండ తగలనివ్వకపోతే జారేది నెమ్మదిస్తుందనీ, బిగించాలంటే మాత్రం ఆపరేషనేననీ ఆయన మెత్తగా చెప్పాడు. మొదట్నుంచీ మెడకు కూడా రాసుంటేనో అని అక్క అడిగింది. కొంత మేలుండేదన్నాడు. ఎంతో చెప్పలేకపోయాడు.

దారిలో మలుపు తిరిగాక, "అన్నం పెట్టింది మెడే. సేవలు చేసింది మొహానికి," అంది.

యజమాని చెడ్డవాడు కాదు. మెడపట్టి గెంటలేదు. ఒక కొత్తమ్మాయిని తెచ్చి, పని నేర్పమనీ, ఆ తర్వాత లోపల పెట్టెలు సర్దుకోవచ్చనీ చెప్పాడు. అక్క తలూపింది. హారం కొక్కెంలో జుట్టు చిక్కుకోకుండా ఎలా తప్పించాలో, ఎటు తిరిగితే రాళ్లు మెరుస్తాయో ఓపిగ్గా చూపించింది.

"మెడ కూడా మొహమే అనుకో అమ్మాయ్. ఎవరు పొగిడినా సరే, అక్కడిదాకా రాసుకో," అంది చివర్లో.

ఇంతలో బేరం వచ్చింది. అక్క ఆ పిల్ల మెడలో హారం సరిచేసి పక్కకు తప్పుకుంది. ఇటే వస్తుందని నా పక్క స్టూలు మీది దారపు ఉండలు తీసేశాను. ఆవిడ సంచీ అందుకుని వీధి తలుపు తోసుకుంటూ వెళ్లిపోయింది. నాతో కూడా చెప్పలేదు.